నైరుతి మూల బావి

ప్లాటు కొనేముందు బుచ్చమ్మ దాని మూలలు చూడలేదు, ముందున్న తొవ్వ వెడల్పూ చూడలేదు. అందులో ఉన్న బావిలోంచి ఒక బిందె నీళ్లు తోడుకుని కిరాయి ఇంటికి మోసుకుపోయింది. ఆ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. పప్పు వెన్నలా ఉడికింది. ఆ జాగానే తీసుకుందామని భర్త చంద్రయ్యతో చెప్పింది. అంతకు మించిన పరీక్ష ఆమెకు తెలియదు, అక్కర్లేదు కూడా.

అది 1983. చివ్వెంల పక్క ఊళ్లో గొర్రెలు కాసుకునే కుటుంబం వాళ్లది. మందను అమ్ముకుని సూర్యాపేట వచ్చి చంద్రయ్య హైవే పక్కన చిన్న దాణా కొట్టు పెట్టాడు. మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి తవుడు, నూకలు తెప్పించి బర్రెలున్నవాళ్లకు అమ్మేవాడు. అప్పటిదాకా వాళ్లున్న కిరాయి ఇంటి బోరులో ఉప్పునీళ్లు. స్నానం చేస్తే ఒంటి మీద తెల్లటి పొర కట్టేది. సబ్బు నురగ పట్టేది కాదు. పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే మిగిలేది. ఆ పప్పు తిని తిని బుచ్చమ్మకు పట్నం మీదే ఏవగింపు పుట్టింది.

పట్టణం అంచున ఒకాయన తన పత్తి చెలకను ముక్కలు చేసి అమ్ముతున్నాడు. చెలక గట్టు వంకరగా ఉంది కాబట్టి చివరి ప్లాటూ వంకరగానే వచ్చింది. మిగతా అంతా పలకలా సమంగా ఉన్నా, దక్షిణమూ పడమరా కలిసే మూలలో ఒక ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. ఆ ముక్కు కొసన రాతికట్టు పాతబావి. ఆ ముక్కులో గది కట్టడానికి వీల్లేదని, బావి పూడ్చడం దండగ ఖర్చని ఎవరూ ఆ ప్లాటు అడగలేదు. రిజిస్ట్రేషన్ బుచ్చమ్మ పేరు మీదే అయింది. పెళ్లినాడు ఆమె అన్నలు తోలిచ్చిన గొర్రెలే పెరిగి మంద అయ్యాయి, ఆ మంద అమ్మిన పైసలే ప్లాటు అయ్యాయి. కాబట్టి ఆ విషయంలో చంద్రయ్య ఏమీ అనలేదు.

ఇల్లు కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి. కొత్తగా వచ్చినవాళ్లు బోర్లు వేయించుకున్నారు. వాటిలో మళ్లీ అవే ఉప్పునీళ్లు. తాగే నీళ్లకు, వండే నీళ్లకు గల్లీ అంతా బుచ్చమ్మ బావికే వచ్చేది. చేద అక్కడే ఉండేది, ఎవరికి కావలసింది వాళ్లు తోడుకునేవాళ్లు. ఆమె ఎవరినీ కాదనలేదు. బావి గట్టు మీద అంట్లు తోమినా, కాళ్లు కడిగినా మాత్రం ఊరుకునేది కాదు. అలాంటివాళ్లకు ఆమె తిట్టే తిట్లు రెండు గల్లీల అవతలికి వినబడేవి.

ఆ ముక్కు వెళ్లి తగిలేది వెనక గల్లీలోని ఈదయ్య ఇంటికి. ఇటు బుచ్చమ్మ ఇంటికి నైరుతి మూల, అటు ఈదయ్య ఇంటికి ఈశాన్యం మూల. మధ్యలో ఒక చిన్న ప్రహరీ. ఈదయ్యకు బస్టాండు దగ్గర సిమెంటు దుకాణం. మెత్తగా మాట్లాడే మనిషి. బుచ్చమ్మను అక్కా అని, చంద్రయ్యను బావా అని పిలిచేవాడు. ఆయన భార్య శాంతమ్మ రోజూ రెండు బిందెలు తీసుకుపోయేది.

ఎనభైల చివర్లో వాస్తు పట్టింది. పట్టింది అనడమే న్యాయం, అది గజ్జిలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అంటుకుంది. బస్టాండులో నిమ్మకాయ సోడాల పక్కన వాస్తు పుస్తకాలు అమ్మారు. నిన్నటిదాకా ఇంటికి గాలి వస్తుందా, వాన కురిస్తే ఎటు పోతుందని అడిగినవాళ్లు, ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని అడగడం మొదలుపెట్టారు. గల్లీలో ఏ రోజు చూసినా ఎవరిదో ఒకరి గోడ కూలుతూ ఉండేది. పగిలిన ఇటుకలు, సున్నపు పెళ్లలు మోరీలో పడి, మోరీ నిండి, ఆ మురుగు తొవ్వ మీదికి పారేది. ఆ మురుగులో నడుచుకుంటూ వచ్చి, ఇప్పుడు ఇంట్లోకి లక్ష్మి వస్తుందని చెప్పుకునేవాళ్లు. ఒక టీచరు తూర్పు తలుపు మూయించి, వంటింటి మీదుగా దారి పెట్టుకున్నాడు. ఆయన బిడ్డను చూసుకోను వచ్చిన పెళ్లివాళ్లు అంట్ల మధ్య నుంచి, ఈగల మధ్య నుంచి నడిచి వచ్చి కూర్చున్నారు. ఇంకొకాయన వెనక కన్నా ముందు వెడల్పుంటే సింహముఖమని చెప్పి తన ప్లాటు ముందువైపు వెడల్పును తానే కోసి తొవ్వకు వదిలేశాడు. మరుసటి వారానికల్లా అక్కడ పందులు పడుకున్నాయి.

బుచ్చమ్మ ఇవన్నీ చూసి, బావి దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల ముందు ఆ టీచరు నడక నడిచి చూపించి నవ్వించేది. ఆ నవ్వు ఎంతో కాలం సాగలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, మల్సూర్. మిర్యాలగూడలో రైసుమిల్లులో పని, ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. కోడలు అండాలు అత్తమామల దగ్గరే ఉండేది. అండాలుకు మొదటి కడుపు నిలవలేదు. రెండోదీ నిలవలేదు. దవాఖానలో చూసినామె ఒంట్లో రక్తం లేదని, మందులు వాడాలని, బరువులు ఎత్తొద్దని చెప్పింది. చంద్రయ్య ఆ మాట విన్నాడు, విని ఈదయ్యకు చెప్పుకున్నాడు. ఈదయ్య, దవాఖానవాళ్లకు తెలియనివి కొన్ని ఉంటాయని, కోదాడలో ఒకాయన ఉన్నాడని, తానే పిలిపిస్తానని చెప్పాడు.

అలా కోటాచారి వచ్చాడు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. బొద్దుమనిషి, సిల్కు లాల్చీ, దవడలో జర్దాకిల్లీ. పొట్ట మీద వేలాడే తోలు సంచిలో దిక్సూచి. కోదాడ బస్సులో ఉడికిపోయి వచ్చాడు కాబట్టి అరుగు మీద కూలబడగానే నీళ్లు అడిగాడు. బుచ్చమ్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. గుటగుటా తాగి, లాల్చీతో మూతి తుడుచుకుని, ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగాడు. అమృతంలా ఉన్నాయమ్మా అన్నాడు. కిల్లీ ఉమ్మేశాక మళ్లీ నోరు పుక్కిలించడానికి మూడో చెంబు తీసుకున్నాడు. ఆ ఎర్రటి ఉమ్మిని ఆమె బొప్పాయి చెట్టు మొదట్లోనే పడేశాడు.

తరవాత లేచి ఇల్లంతా తిరిగాడు. దిక్సూచి నేల మీద పెట్టి, వంగి, లేచి, మళ్లీ వంగి చూశాడు. చివరికి బావి దగ్గర ఆగి, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఏదో చావు కబురు విన్నట్టు.

"నైరుతి పెరిగింది. పెరిగిన మూలలో గొయ్యి. ఇంత పెద్ద గొయ్యి. ఈ ఇంట్లో కడుపు ఎట్లా నిలుస్తదమ్మా?"

"గొయ్యి కాదు, బాయి. నువ్వు ఇప్పుడు తాగినయి గీ బాయి నీళ్లే."

"తాగితే తప్పు లేదమ్మా. ఉంటేనే తప్పు."

ఆ మాట ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. చంద్రయ్య మాత్రం చేతులు కట్టుకుని, తల ఊపుతూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న మనిషి. తోడేలు మందలో పడితే కట్టె పట్టుకుని ఉరికినవాడు. దిక్సూచి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మొగోణ్ణి చూసి ఆమెకు మొదటిసారి ఒళ్లు జలదరించింది.

కోటాచారి ఒక్కసారిగా బావి మీద పడలేదు. ముందు వంటిల్లు ఆగ్నేయానికి మార్చమన్నాడు, మార్చారు. మెట్లు కూలగొట్టమన్నాడు, కూలగొట్టారు. ఇంటి మీదికి పోవాలంటే నిచ్చెనే దిక్కయింది. గేటు ఉత్తరం వైపు పెట్టమన్నాడు. ఈశాన్యంలో నీళ్లు ఉండాలని బోరు వేయించాడు. బోరులో నీళ్లు పడ్డాయి, ఉప్పుకషాయం లాంటివి. ఈశాన్యంలో పడ్డవే మంచి నీళ్లని చంద్రయ్య పట్టుబట్టి వాటినే తాగడం మొదలుపెట్టాడు. కడుపు ఉబ్బేది, తేన్పులు వచ్చేవి, అరుగు మీద కూర్చుని పొద్దంతా తేన్చేవాడు. సిమెంటు, ఇటుక అన్నీ ఈదయ్య దుకాణం నుంచే వచ్చాయి. బంధువు ధరకే ఇస్తున్నానని ఈదయ్య అన్నాడు.

అండాలు మూడోసారి నెల తప్పింది. అప్పుడు కోటాచారి అసలు మాట చెప్పాడు. ముక్కు కోసెయ్యాలి. ఇంటి జాగా నాలుగు పలకలుగా వచ్చేలా అడ్డంగా గోడ కట్టి, బావిని బయట పెట్టెయ్యాలి. గోడకు తలుపు పెట్టకూడదు. నైరుతిలో తలుపు పెడితే గోడ కట్టినట్టే కాదు.

బుచ్చమ్మ వల్లకాదంది. వారం రోజులు చంద్రయ్య ఆమెతో మాట్లాడలేదు. మల్సూర్ మిర్యాలగూడ నుంచి వచ్చి ఏమీ తేల్చకుండా తల గోక్కుని పోయాడు. చంద్రయ్య తన అక్కను ఊరి నుంచి పిలిపించాడు. ఆమె వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, మనవడు కావాలో బాయి కావాలో తేల్చుకోమని వచ్చేపోయేవాళ్లందరికీ వినబడేలా అన్నది. వీటన్నిటికీ బుచ్చమ్మ చలించలేదు. చివరికి అండాలే వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చున్న అత్త పక్కన కూలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"అత్తా, గోడ కట్టనియ్యరాదు. నాకు బుగులైతంది. ఇది గూడ పోతే అందరు నన్నే అంటరు."

ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది. గోడ అబద్ధమని చెప్పడం బుచ్చమ్మకు తెలుసు. భయం అబద్ధమని ఎలా చెప్పాలో తెలియలేదు. కట్టుకోమంది.

గోడ లేచింది. నిన్నటిదాకా పెరట్లోకి నడిచి తోడుకున్న నీళ్ల కోసం ఇప్పుడు ఉత్తరం గేటు నుంచి బయటపడి, తమ గల్లీ చివరి దాకా పోయి, మోరీ దాటి, వెనక గల్లీలోకి తిరిగి, ఈదయ్య ప్రహరీ పక్క సందులోంచి బావి చేరాలి. నిండు బిందెతో మళ్లీ అదే తొవ్వ. గోడకు అవతల బావిలో చేద పడిన చప్పుడు ఇంట్లోకి వినబడుతుంది, బిందె మాత్రం ఊరంతా తిరిగి రావాలి. ఎవరిదీ కాని జాగాలా కనబడేసరికి ఆ ముక్కులో గల్లీవాళ్లు చెత్త పోయడం మొదలుపెట్టారు. చచ్చిన కోడిని కూడా ఎవరో పడేశారు. బుచ్చమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని రోజూ ఊడ్చేది. ఊడ్చిన చోటే మర్నాడు మళ్లీ పోసేవాళ్లు. ఆ నీళ్లు తాగేవాళ్లే పోసేవాళ్లు.

ఐదో నెల రాగానే ఆమె అండాలును బస్సెక్కించి మిర్యాలగూడలో తల్లిగారింట్లో దించి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ పిల్లను మంచం దిగనివ్వలేదు. సూదులు ఇచ్చింది, గోళీలు ఇచ్చింది, బిందె ముట్టుకోనివ్వలేదు. నెలలు నిండాక కొడుకు పుట్టాడు.

చంద్రయ్య గల్లీ అంతా మిఠాయి పంచాడు. కోటాచారికి బట్టలు పెట్టాడు, ఈదయ్యకూ పెట్టాడు. గోడ ఫలితమని అందరూ అన్నారు. బారసాలకు వచ్చిన కోటాచారి పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుంటూ, నేను చెప్పలేదా అని అడిగాడు. డాక్టరమ్మ పేరు ఒక్కరి నోటా రాలేదు. ఆమెకు ఒక చీర అయినా పెట్టాలి కదా అని బుచ్చమ్మ అంటే, ఆమెకు ఫీజు కట్టాం కదా అన్నాడు చంద్రయ్య.

పిల్లాడు పాకే వయసుకు వచ్చాడు. అప్పుడొక దగ్గు పట్టుకుని నెల రోజులు వదల్లేదు. కోటాచారి మళ్లీ వచ్చాడు. ఈసారి ఇల్లు కొలవలేదు. రిజిస్ట్రేషన్ కాగితం తెప్పించి చూశాడు, చూసి నాలుక చప్పరించాడు. నేల మీద కోశారు గానీ కాగితం మీద కోయలేదన్నాడు. కాగితంలో నైరుతి ఇంకా పెరిగే ఉందని, బావి ఇంకా ఈ ఇంటి యజమానురాలిదేనని, అది వేరేవాళ్ల పేరు మీదికి పోతే తప్ప దోషం విడవదని తేల్చాడు. ఎవరు కొంటారు ఆ ముక్కను అని చంద్రయ్య దిగులుపడితే, ఈదయ్య గొంతు సవరించుకుని, మీ కోసం నేను తీసుకుంటాను బావా, నష్టమైనా సరే అన్నాడు.

మర్నాడు బావి దగ్గర శాంతమ్మ కనబడింది. ఈదయ్య భార్య మంచిది, కడుపులో మాట దాచుకోలేదు. బిందె కడుగుతూ సంబరంగా చెప్పుకుపోయింది. బావి తమ వైపు కలిస్తే ఈశాన్యం పెరుగుతుందట, పెరిగిన ఈశాన్యంలో నీళ్లుంటే ఇంక చూసుకోనక్కర్లేదట. మొదటి అంతస్తు పని కూడా దాని కోసమే ఆపుకున్నారట.

"ఎవరు చెప్పిండ్రు శాంతమ్మా?"

"కోటాచారే అక్కా. మేము ఇల్లు సూపిచ్చినప్పుడే చెప్పిండు. ఎప్పటి ముచ్చట గది, మీ కోడలికి ఇంక మొదటి కడుపు గూడ రాలే."

బుచ్చమ్మ చేతిలో చేద తాడు అలాగే ఉండిపోయింది. శాంతమ్మ బిందె నెత్తికెత్తుకుని, పోయొస్తా అక్కా అని వెళ్లిపోయింది. ఆమెకు తానేం చెప్పిందో తెలియదు. అండాలుకు కడుపు పోకముందే వీళ్లు బావిని కొలుచుకున్నారు. కడుపు పోయాక, ఆ ఏడుపును పట్టుకుని ఇంట్లోకి వచ్చారు. కూలిన మెట్లు, మారిన పొయ్యి, ఉప్పు బోరు, గోడ, అన్నీ ఒక్కో అడుగు. ప్రతి అడుగుకూ సిమెంటు అమ్ముకున్నారు కూడా. బుచ్చమ్మ గట్టు దిగి, పక్కకు పోయి ఉమ్మేసి వచ్చింది.

ఇంటికి పోయి భర్తకు చెప్పింది. ఆయనకు కోపం వస్తుందని, కట్టె తీసుకుని ఈదయ్య దుకాణం మీదికి పోతాడని, తాను ఆపవలసి వస్తుందేమోనని అనుకుంది. చంద్రయ్య అరుగు మీద కూర్చుని విన్నాడు, ఒకసారి తేన్చాడు.

"అయితేందే? వాళ్లకు మంచిదంటే మనకు చెడ్డదనే గద. ఆచారి అబద్ధం చెప్పలేదన్నట్టే గద."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. పరిహాసం లేదు. దొంగను పట్టిస్తే ఆ దొంగతనంలోనే ఆయనకు శాస్త్రం కనబడింది. ఈదయ్య మీద, కోటాచారి మీద కలిగిన రోత ఆ క్షణాన ఈయన మీద కలిగినదాని ముందు చిన్నదైపోయింది. వాళ్లు దోచుకోవడానికి వచ్చారు. ఈయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాగితాలు రాసే అతన్ని వెంటబెట్టుకుని ఒక గురువారం అందరూ వచ్చారు. ఈదయ్య, కోటాచారి, చంద్రయ్య చాప మీద కూర్చున్నారు. మల్సూర్ సెలవు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల అండాలు పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. వేలిముద్రకు సిరా డబ్బా మూత తీసి పెట్టారు. ఈదయ్య చాలా మెత్తగా, నీళ్లు ఎప్పటిలాగే తోడుకోవచ్చని, బావి ఎక్కడికీ పోదని, కాగితం మీద పేరు మాత్రమే మారుతుందని చెప్పాడు.

బుచ్చమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చాప మీద కూర్చోలేదు.

"ఆచారీ, ఒక ముచ్చట చెప్పు. ఇంటి కాగితంల నైరుతి ఉండొద్దు, అంతేనా?"

"అంతేనమ్మా."

"బాయి ఉన్న ముక్క వేరే, ఇల్లు వేరే కావాలె. రెండిటికీ ఒక్క మనిషి ఉండొద్దు."

"అదే చెప్తున్నానమ్మా, ఎప్పటి నుంచో."

"మంచిది. ఇల్లు నా కొడుకు పేరు మీద రాయి. బాయి ముక్క నా పేరు మీదనే ఉంటది."

కాగితాలు రాసే అతను కలం పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూశాడు. ఈదయ్య కోటాచారిని చూశాడు. కోటాచారి కిల్లీ ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నాడు. అట్లా కుదరదన్నాడు. బావి గల మనిషి ఈ కప్పు కింద తిని, ఈ కప్పు కింద పడుకుంటే, కాగితం ఎవరి పేరున ఉన్నా దోషం మనిషితోపాటు ఇంట్లోనే తిరుగుతుందన్నాడు. చెప్పి, ఇంక మాట్లాడేదేమీ లేదన్నట్టు సిరా డబ్బాను ఆమె వైపు జరిపాడు.

"అయితే నేను ఈ కప్పు కింద ఉండ," అంది బుచ్చమ్మ. "బాయి కాడనే ఉంట. ఇగ చెప్పు. ఇంక ఏమన్న మిగిలిందా?"

 లోపల అండాలు లేచి నిలబడింది. మల్సూర్, అవ్వా, ఏందే ఇది అన్నాడు గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆమె భర్త వైపు చూసింది. అడ్డు పెడతాడేమోనని కాదు. ఇన్నేళ్ల మనిషి ఏమంటాడో చూద్దామని. చంద్రయ్య కోటాచారి వైపు తిరిగాడు.

"గట్లయితే దోషం పోతదా అయ్యా?"

కోటాచారికి తాను చెప్పిన మాట తానే కాదనే దారి దొరకలేదు. పోతుందని గొణిగాడు. ఈదయ్య లేచి, చెప్పులు వేసుకుని, దుకాణంలో పనుందని వెళ్లిపోయాడు. ఆరోజు అక్కా అని పిలవలేదు, ఆ తరవాతా పిలవలేదు.

కాగితాలు అలాగే రాశారు. బుచ్చమ్మ రెండుచోట్ల వేలిముద్ర వేసింది. గొర్రెలమ్మిన పైసలతో కొన్న జాగాలో కట్టుకున్న ఇంట్లోంచి ఒక ట్రంకు, ఒక నవారు మంచం, వంటగిన్నెలు తీసుకుని ఉత్తరం గేటు నుంచి బయటపడి, మోరీ దాటి, గల్లీ చుట్టూ తిరిగి బావి దగ్గరికి చేరింది. అన్నల కొడుకులు ఊరి నుంచి వచ్చి గుంజలు పాతి, రేకులు వేసి వెళ్లారు. ఒక బర్రెను కట్టేసుకుంది. చెత్త పోయడానికి వచ్చిన మొదటామె తట్టను బుచ్చమ్మ తీసుకుపోయి ఆ మనిషి ఇంటి తలుపు ముందే బోర్లించింది. మళ్లీ ఎవరూ పోయలేదు.

గల్లీ ఆమె గురించి రకరకాలుగా అనుకుంది. బాయికోసం మొగుణ్ణి వదిలేసిందని కొందరు, పిచ్చిలేచిందని కొందరు. ఆ మాటలు అన్నవాళ్లందరూ బిందెలు తీసుకుని వచ్చేవాళ్లే. బిందె ముంచుతూ జాలి మాటలు మాట్లాడేవాళ్లు. ఆమె బర్రెకు కుడితి కలుపుకునేది. అండాలు పిల్లాణ్ణి చంకనేసుకుని పొద్దునా సాయంత్రం వచ్చేది. వాడు రేకుల కింద ఆడుకుని, అక్కడే పప్పన్నం తిని, అక్కడే నిద్రపోయేవాడు. దోషం వాడికి ఎందుకు అంటదో ఎవరూ అడగలేదు.

ఈదయ్య ఆ ఏడాదే మొదటి అంతస్తు కట్టుకున్నాడు, ఈశాన్యం పెరగకుండానే. కోటాచారి మిర్యాలగూడలో ఎవరికో మిల్లు గేటు మార్పిస్తున్నాడని మల్సూర్ చెప్పాడు.

చంద్రయ్య మొదటి వర్షాకాలం అంతా రాలేదు. చలికాలంలో ఒక మధ్యాహ్నం వచ్చాడు, గల్లీలో మనుషుల అలికిడి లేని వేళ చూసుకుని. భుజం మీద ఇత్తడి బిందె. మనిషి చిక్కిపోయాడు, పొట్ట మాత్రం ఉబ్బరంగా ఉంది. గట్టుకు దూరంగా నిలబడ్డాడు. బోరు నీళ్లతో ఒళ్లంతా దురద పుడుతోందని, చాయ విరిగిపోతోందని, కోడలు వండిన పప్పు నోట్లో పెట్టలేకపోతున్నానని చెప్పుకున్నాడు. ఆమె చేద వేసి నీళ్లు తోడి ముందు చెంబుతో ఇచ్చింది. తాగాడు. ఇంకో చెంబు అడిగి తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఇంటికి రారాదే," అన్నాడు చివరికి.

ఆమె చేద తాడు చేతికి చుట్టుకుంటూ ఆగింది. ఇన్నాళ్లకు అడిగాడు. ఏదో ఒకటి మెత్తబడబోయింది లోపల.

"అడిగిన ఆచారిని," అన్నాడు చంద్రయ్య. "మొన్న కోదాడ పోయి అడిగొచ్చిన. శుక్రవారం పొద్దుగాల, ఉత్తరం గేటు నుంచి కుడికాలు పెట్టి వస్తే ఏం గాదన్నడు."

బుచ్చమ్మ ఆయన బిందె తీసుకుని గట్టు మీద పెట్టింది. అంచుదాకా నింపింది. ఎత్తి ఆయన భుజం మీద పెట్టింది. నీళ్లు తొణికి ఆయన చొక్కా తడిసింది.

"పో," అంది. "చుట్టు తిరిగి పో."

ఆయన సందులోంచి నడిచి, వెనక గల్లీ మలుపు తిరిగి, మోరీ పక్కనుంచి పోయాడు. బర్రె అరిచింది. బుచ్చమ్మ చేద బావిలోకి వదిలింది.